వానడబ్బాకు బొట్టు

ఆకాశం నుంచి ఒక్క చుక్క రాలకుండా ఒక ఊరినంతా వానలో ముంచేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. అదీ ఎక్కడో చాటుగా చేసిన పని కాదు. జిల్లా ఆఫీసులో, చల్లటి గదిలో, పెద్ద తెర మీద రంగురంగుల బొమ్మ వేసి, అధికారులందరూ తలలూపుతూ ఉండగా, గొంతు సవరించుకుని మరీ ముంచాను. ఆ ముంచడంలో ఒక ఊరి ఆవులన్నీ సంతకు పోవాల్సింది. మా డైరెక్టరు గారి పరువు గంగలో కలవాల్సింది. నా ఉద్యోగం కూడా పోవాల్సిందే గానీ, దాని గురించి మా నాయనకు తప్ప ఎవరికీ బెంగ ఉండేది కాదు లెండి.

ఇది పదేళ్ళ పైమాట. మాది తాడిపత్రి. నాయనకు బజారులో చిల్లర అంగడి. పొద్దస్తమానం బండల లారీలు లేపే దుమ్ములో కూర్చుని, కందిపప్పు తూచి, నన్ను పెద్ద చదువు చదివించాడు. నాకేమో ఎప్పుడెప్పుడు ఆ దుమ్ము దులుపుకుని, మెళ్ళో గుర్తింపు కార్డు వేలాడేసుకుని, నలుగురి చేత మేడం అనిపించుకుందామా అని ఒకటే ఆత్రం. అనంతపురంలో విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్తగా ఒక కేంద్రం పెట్టారు, పరిశోధన సహాయకులు కావాలంటున్నారు అని తెలియగానే ఎగిరి గంతేసి చేరిపోయాను.

ఆ కేంద్రం పేరు చాంతాడంత. పర్యావరణ పరిశోధన, ప్రజావిధాన సమన్వయ కేంద్రం. బోర్డు రాసిన పెయింటరుకు సగంలోనే రేకు అయిపోతే, చివరి మాటను కింద మూలన బఠాణీ గింజంత రాసి చేతులు దులుపుకున్నాడు. పల్లెల్లో అంత పేరు పలికే ఓపిక ఎవరికుంటుంది? మమ్మల్ని అందరూ వానల ఆఫీసోళ్ళు అనేవాళ్ళు. మా జీపు కనబడితే చాలు, "వానల ఆఫీసోళ్ళు వచ్చినారప్పా, వాన యాడుందో అడగండి" అని ఎగతాళి.

మా పనేమిటంటారా? వానలు, బోర్లు, నేలల మీద పరిశోధన చేసే పండితులకు, తాము చెప్పేది ఆఫీసర్లు వినరని కోపం. ఆఫీసర్లకు, పండితులు చెప్పేది ముక్క అర్థం కాదని కోపం. ఇద్దరి మధ్యా మేం నిలబడి, ఈ మాట అటూ ఆ మాట ఇటూ చేరవేసి, ఇద్దర్నీ ఒక దారికి తేవాలి. పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాళ్ళ పనే, కాకపోతే భోజనాలు ఉండవు.

కేంద్రమంటే పాత భవనం వెనక రెండు గదులు. ఒక ఫ్యాను, అది తిరిగేటప్పుడు మూలిగే మూలుగు, కిటికీ పక్కన మంచినీళ్ళ కుండ. పొద్దున పదింటికి క్యాంటీన్ నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జి వాసన లోపలికి వచ్చేది. ఆ వాసన వచ్చిందంటే మా డైరెక్టరు నాగభూషణం సారు ఎంత గొప్ప మాట మధ్యలో ఉన్నా ఆపేసి, "పదండప్పా, ముందు కడుపు సంగతి చూద్దాం" అని లేచేవారు. ఇప్పుడు మాకు అద్దాల భవనం ఉంది, గదికో ఏసీ ఉంది. ఉగ్గాని వాసన మాత్రం అద్దాల్లోంచి రావడం లేదు.

సారు తాడిపత్రి పక్కన యాడికి అనే మండల కేంద్రం దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి. పెద్ద పెద్ద దేశాల్లో ఉపన్యాసాలు ఇచ్చి వచ్చినా మాట మారలేదు. ఆయనకు ఒకటే పట్టు. మన సీమలో వాన మేకలాంటిది, ఒక చేను మేసి పక్క చేను వదిలేస్తుంది. మండలానికంతా వాన కొలిచేది మాత్రం మండల కేంద్రంలోనే. అక్కడ ఒక సాయంత్రం జోరుగా కురిసిందంటే మండలమంతా కురిసినట్టే లెక్క. గుట్టకు అవతల ఉన్న పల్లెలో వేరుశనగ నిలువునా మాడిపోతున్నా, ఆ పల్లె కరువు జాబితాలోకి ఎక్కదు. జాబితాకెక్కకపోతే పశువులకు గడ్డి రాదు.

"ఊరూరికీ ఒక వాన లెక్క ఉండాల శైలజా. ఆ లెక్క ఆఫీసరు బల్ల మీదికి పోవాల. అంతే మన పని" అనేవారు సారు. ఎవరెవరి కాళ్ళో పట్టుకుని కొన్ని పల్లెల్లో వాన కొలిచే యంత్రాలు పెట్టించారు. జిల్లా పెద్దాఫీసరు గారి చుట్టూ తిరిగి తిరిగి, ఆ ఏడు తొలిసారిగా ఊరి లెక్కలు కూడా చూస్తానని ఆయన చేత ఒప్పించారు. ఆ ఒప్పుకున్న రోజు సారు మాకందరికీ రెండేసి బజ్జీలు ఎక్కువ తినిపించారు.

ఆ యంత్రాల్లో ఒకటి యాడికి దగ్గర ఎర్రదిన్నెలో ఉండేది. దాన్ని చూసుకునే భారం నా మీద పడింది. మనిషి ఎత్తు గొట్టం, దాని నెత్తిన ఒక డబ్బా, డబ్బాలో చిన్న గరిటెలాంటిది. వాన నీటితో గరిటె నిండగానే బోర్లాపడుతుంది, మళ్ళీ లేస్తుంది. ఎన్నిసార్లు బోర్లాపడితే అంత వాన. ఆ లెక్క లోపలున్న సిమ్ముకార్డు ద్వారా నేరుగా మా కంప్యూటరుకు వచ్చేది. ఊళ్ళోవాళ్ళు దాన్ని వానడబ్బా అన్నారు. మేం కూడా అదే అలవాటు చేసుకున్నాం.

వానడబ్బా ఓబులమ్మక్క చేను గట్టు మీద ఉండేది. ఓబులమ్మక్క గురించి ముందే చెప్పాలి. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. ఉన్నదంతా నాలుగు ఎకరాల మెట్ట, ఒక ఎర్రావు. ఆ ఆవు పేరు గౌరి. మొగుడు పోయాక తనకు తోడు అదేనని చెప్పుకునేది, మనుషులతో మాట్లాడినట్టే దానితోనూ మాట్లాడేది. నిజం చెప్పాలంటే మనుషులతో కంటే దానితోనే కాస్త మర్యాదగా మాట్లాడేది.

ఒకరోజు సారు నన్ను పిలిచారు. "ఎర్రదిన్నెలో రోజూ మధ్యాహ్నం కొంచెం జల్లు పడతాండాది, చూసినావా? ఎండ మండిపోతాంటే జల్లు యాడనుంచి వస్తాందో పోయి చూసి రామ్మా" అన్నారు.

మా డ్రైవరు మస్తానన్న జీపు తీశాడు. పోయి చూస్తే గౌరి వానడబ్బా గొట్టానికి మెడ ఆనించి, కళ్ళు అరమూసి, హాయిగా దురద తీర్చుకుంటోంది. అది గీక్కున్నప్పుడల్లా డబ్బా ఊగుతోంది. డబ్బా ఊగినప్పుడల్లా గరిటె బోర్లాపడుతోంది. ఎర్రదిన్నెలో జల్లు కురుస్తోంది. పైగా డబ్బా మీద ఓబులమ్మక్క చీర ఆరేసి ఉంది.

నేను చదువుకున్న మనిషిని కదా, పుస్తకంలో మాటలు తీశాను. "చూడండి ఓబులమ్మగారూ, ఇది అత్యంత సున్నితమైన వర్షమాపక సాధనం. దీనిని తాకరాదు."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, మస్తానన్న వైపు తిరిగింది. "ఏమంటాంది అన్నా ఈ పాప?"

"ఆవును ఈడ కట్టొద్దంటాందిలే అక్కా" అన్నాడు మస్తానన్న.

"ఇంగ యాడ కట్టాల? చెట్టు లేదు, గుంజ లేదు. మీరే కదా ఇంత లావు గుంజ నాటిపోయినారు!"

నేను బతిమాలాను, బెదిరించాను, సర్కారు వాళ్ళు కేసు పెడతారన్నాను. "పెట్టనీలే, జైల్లో అన్నమన్నా పెడతారు" అంది. మళ్ళీ వారం పోతే మళ్ళీ అదే గీకుడు, అదే జల్లు.

అప్పుడు నాకు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది. నవ్వకండి, ఇంకా నవ్వాల్సిన చోటు రాలేదు.

ఆదివారం తాడిపత్రికి పోయి, నాయన అంగట్లో పసుపు పొట్లం, కుంకుమ పొట్లం తీసి సంచిలో వేసుకున్నాను.

"యూనివర్సిటీలో పసుపుకుంకుమతో ఏం పరిశోధనమ్మా?" అన్నాడు నాయన.

"నీకు తెలీదులే నాయనా, ఇది కొత్త పద్ధతి" అన్నాను.

మర్నాడు ఎర్రదిన్నె వెళ్ళి, గొట్టానికి నిలువునా పసుపు రాసి, డబ్బాకు రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, రెండు వేపమండలు కట్టాను. అడుగున మొదటే తాడిపత్రి బండ పరిచి ఉందేమో, గుడి లేని దేవుడిలాగా అచ్చంగా కుదిరింది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ చేతులు జోడించి, ఈసారి పుస్తకం పక్కన పెట్టి మా ఊరి మాటే మాట్లాడాను.

"ఇది వానమ్మ తల్లి కన్ను అక్కా. దీన్ని ఎవరూ ముట్టుకోగూడదు. ముట్టుకుంటే ఆయమ్మకు కోపమొచ్చి వాన ఆపేస్తాది."

ఓబులమ్మక్క లెంపలేసుకుంది. "ముందే చెప్పొచ్చు కదా పాపా! తల్లి మెడకు ఆవును కడితిని కదా!" అని అప్పటికప్పుడే గౌరిని విప్పుకుని పోయింది.

మస్తానన్న జీపులో ఒక్క మాటే అన్నాడు. "అమ్మా, నువ్వు పెట్టడం పెట్టినావు. రేపు తీసేయాలంటే నీతో కాదు." నేను విననట్టు కిటికీలోంచి బయటికి చూశాను.

మళ్ళీ పోయేసరికి వానడబ్బా చుట్టూ కంప నాటి ఉంది. నిమ్మకాయల దండ, పక్కన ప్రమిద, బండ మీద ముగ్గు. గౌరి ఆమడ దూరంలో ఉంది. మధ్యాహ్నం జల్లులు ఆగిపోయాయి. నేను ఫొటోలు తీసి, 'సాధన పరిరక్షణలో సామాజిక భాగస్వామ్యం' అని పేరు పెట్టి నివేదిక రాశాను.

సారు ఆ ఫొటో చాలాసేపు చూశారు. "భాగస్వామ్యం బాగుండాది శైలజా. కొబ్బరికాయ చిప్పలు ఎందుకుండాయి?"

"స్థానిక సంస్కృతి సార్."

"ఊఁ" అన్నారు సారు. ఆ ఊఁలో ఎన్ని అర్థాలు ఉన్నాయో అప్పుడు పట్టించుకోలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. యాడికిలో ఒక సాయంత్రం గట్టిగా కురిసింది గానీ, గుట్ట దాటి ఎర్రదిన్నెకు రాలేదు. మండలం లెక్క ప్రకారం ఎర్రదిన్నె తడిసింది. మా వానడబ్బా లెక్క ప్రకారం ఎండింది. అంటే ఆ ఊరికి గడ్డి రావాలంటే దిక్కు మా డబ్బా ఒక్కటే. నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఓబులమ్మక్క గొంతు తగ్గిపోయి ఉంది. గౌరికి డొక్కలు బయటపడ్డాయి.

"శనక్కట్టె మేత అయిపోయింది పాపా. జాబితాలో మా ఊరు పడతాదా? పడకుంటే వచ్చే సంతకు దీన్ని తోలుకపోవాల. కొనేటోళ్ళు దీన్ని ఎందుకు కొంటారో నీకు తెలుసు కదా" అంటూ ఆవు గంగడోలు నిమిరింది.

"పడతాదక్కా. నేనుండాను కదా" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను.

సమావేశం సోమవారం పొద్దున. సారు నన్నే మాట్లాడమన్నారు. నా సంతోషం చూడాలి! నాయనకు ఫోన్ చేసి, అంగడికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పమన్నాను. కొత్త చీర కట్టుకుని ఆఫీసుకు పోయి, లెక్కలు తాజాగా ఉండాలి కదా అని కంప్యూటరు తెరిచాను. తెరిస్తే ఏముంది? ఎర్రదిన్నెలో శుక్రవారం కుండపోత! ఆ ఏడంతా కురవనంత వాన ఒక్క పూటలోనే కురిసింది.

ఇక్కడ ఆగండి. బుర్ర ఉన్న మనిషి ఏం చేస్తుంది? ఒక్క ఫోన్ చేసి, "అక్కా, వాన పడిందా?" అని అడుగుతుంది. ఆవు గీక్కుంటే జల్లు పడ్డ డబ్బా అది అని గుర్తు తెచ్చుకుంటుంది. నేను మాత్రం కుర్చీలోంచి లేచి ఆనందంతో చప్పట్లు కొట్టాను. ఆవు బెడద నేనే తీర్చేశాను కదా, ఇక తప్పు ఎలా వస్తుంది? ఓబులమ్మక్క నెత్తిన పాలు పోసినట్టే అనుకున్నాను. పోసింది పాలు కావని తర్వాత తెలిసింది.

సమావేశంలో తెర మీద నా బొమ్మ వెలిగింది. శుక్రవారం దగ్గర నీలం గీతలు నిటారుగా లేచి, పడి, మళ్ళీ లేచి, మళ్ళీ పడి ఉన్నాయి.

సారు నా పక్కకు ఒరిగి గుసగుసగా, "శైలజా, వాన ఆగి ఆగి ఎందుకు పడింది?" అన్నారు.

"మేఘాలు చిన్నవి సార్" అన్నాను, తడుముకోకుండా.

పెద్దాఫీసరు గారు గోదావరి వైపు మనిషి. నెమ్మదస్తుడు. కళ్ళద్దాలు సర్దుకుని, "అయితే అమ్మా, ఈ ఎర్రదిన్నెకు కరువు జాబితా అక్కర్లేదన్న మాటేగా?" అన్నారు.

సారు నా కాలు తొక్కారు. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. "అక్కర్లేదు సార్! ఈ వానకు చెరువు కూడా నిండి పొంగుతూ ఉంటుంది!"

ఎవరు అడిగారు నన్ను చెరువు గురించి? వాన అని ఆపి ఉంటే, ఆయన ఆ పేరు కొట్టేసి ఇంకో ఊరికి పోయేవారు, ఎర్రదిన్నె నిజంగానే మునిగిపోయేది. కానీ చెరువు అన్న మాట చెవిన పడగానే ఆ పెద్దమనిషి మొహం పసిపిల్లవాడిలా వెలిగింది.

"పొంగుతోందా! మా ఊళ్ళో ఇంటి ముందే కాలవండీ. ఈ జిల్లాకొచ్చాక నిండిన చెరువు కళ్ళ చూడలేదు. పదండి, చూసొద్దాం. మిగతా ఊళ్ళ సంగతి వచ్చాక చూసుకుందాం" అని లేచి నిలబడ్డారు.

ముందు ఆయన కారు, వెనక మా జీపు. జీపులో నేను పెళ్ళికూతుర్లా కూర్చున్నాను. పామిడి దాటాక మస్తానన్న నెమ్మదిగా అన్నాడు.

"అమ్మా, మా తమ్ముడు యాడికి కాడే లారీ తోల్తాడు. శుక్రవారం ఆడ దుమ్ము లేస్తాందన్నాడే."

"గుట్ట అవతల పడిందన్నా" అన్నాను గానీ, ఎందుకో అనుమానమొచ్చి ఓబులమ్మక్కకు ఫోన్ చేశాను. ఆమె గొంతుకు స్పీకరు అక్కర్లేదు. జీపంతా వినబడింది.

"అక్కా, మీ ఊళ్ళో వాన పడిందా?"

"యాడ పాపా! చుక్క లేదు. శుక్రవారం ఊరంతా కలిసి నీ వానమ్మకు నీళ్ళు పోసినాం. ప్రతి కరువుకూ గంగమ్మ రాయికి పోసేవాళ్ళం. ఈసారి కొత్త తల్లి ఉండాది కదా, ఆయమ్మకే పోద్దామన్నా నేను. బిందె మీద బిందె, డబ్బాలోకే నేరుగా పోసినాం. ఆయమ్మ మనసు ఇంగా కరగలేదు. ఈరోజు మళ్ళా పోస్తాండాం!"

ఫోన్ పెట్టేశాక నేను సారు వైపు చూడలేకపోయాను. ఎన్నేళ్ళుగా ఎన్ని ఆఫీసుల మెట్లెక్కి ఆయన తెచ్చుకున్న అవకాశం అది! ఓబులమ్మక్కకు గుండె మీద చెయ్యి వేసి చెప్పిన మాట గుర్తొచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది. కొత్త చీర కొంగుతోనే తుడుచుకున్నాను.

"మేఘాలు చిన్నవి అంటివి కదమ్మా" అన్నారు సారు చివరికి. "బిందెలంత ఉన్నాయన్న మాట."

మస్తానన్న వెంటనే ఉపాయం చెప్పాడు. "సార్, కారు దాటి ముందుకు పోయి, పంక్చరు అయినట్ల జీపు అడ్డం పెట్టేస్తా. ఆయన విసుక్కోని ఎనక్కి పోతాడు."

"వద్దప్పా" అన్నారు సారు. "పోనీ. ఆయన్ని పోయి చూడనీ. నిజం చెప్పేదేదో ఆడ నిలబడి చెప్దాం. శైలజా, నువ్వే చెప్పాల."

"చెప్తా సార్" అన్నాను.

ఎర్రదిన్నె మొదట్లో పెద్దాఫీసరు గారు కారు దిగారు. దిగే ముందే బురద అవుతుందని ప్యాంటు పిక్కల దాకా మడుచుకున్నారు, బూట్లు విప్పి కార్లో పెట్టారు. వట్టి కాళ్ళతో మండే ఎర్రమట్టిలో అడుగు పెట్టి, అబ్బా అని కాలెత్తారు. నాలుగు అడుగులు వేసి చుట్టూ చూశారు.

"చెరువెక్కడమ్మా?"

"మీరు నిలబడింది చెరువులోనే సార్."

ఆయన కిందికి చూసుకున్నారు. నేల పలకలు పలకలుగా పగిలి, ఒక్కో పగులులో చెయ్యి పట్టేంత సందు. నేను చేతులు కట్టుకున్నాను. మాటలు వాటంతటవే తన్నుకొచ్చాయి, అదీ నా పుస్తకం తెలుగులో కాదు.

"సార్, వాన పడలేదు సార్. నేనే దానికి బొట్టు పెట్టినాను సార్. పెడితే వీళ్ళు దేవతనుకోని బిందెలతో నీళ్ళు పోసినారు సార్. నేను అడగకుండానే వాన అని చెప్పినాను. తప్పు నాది సార్, ఊరి పేరు మాత్రం కొట్టేయొద్దు సార్."

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "బొట్టేమిటి? బిందెలేమిటి?" అంటూ నా వైపు, సారు వైపు చూస్తున్నారు. ఇంతలో గట్టు మీద ఆడవాళ్ళ పాట వినిపించింది. ఎర్రగా ఎండిన ఆ చేల మధ్యలో వానడబ్బా చుట్టూ మాత్రం చాప పరిచినంత మేర నల్లటి బురద. చుట్టూ వేపమండలు. ఓబులమ్మక్క రాతిబండ మీదికెక్కి బిందె ఎత్తి డబ్బాలో పోస్తోంది. లోపల నా గరిటె టకటకా బోర్లాపడుతోంది. అంటే మా కంప్యూటర్లో ఆ క్షణాన కూడా భారీ వర్షం.

పెద్దాఫీసరు గారు ఆ బురద దాకా నడిచి వెళ్ళారు. నెమ్మదిగా అడిగారు. "ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తున్నారమ్మా?"

"ఆ గుట్ట పక్కన బోరు ఉండాది సామీ. ఊళ్ళోవి అన్నీ ఎండిపాయ. తాగేకి తెచ్చుకున్న నీళ్ళే. తల్లి కరిగితే అందరికీ వస్తాయి కదా అని పోస్తాండాం" అంది ఓబులమ్మక్క, బిందె దించకుండానే. పక్కన నీడ లేని చోట గౌరి పడుకుని ఉంది. లేవలేదు, తల మాత్రం ఎత్తి చూసింది.

ఆయన ఆ బోరు దాకా వట్టి కాళ్ళతోనే నడిచి వెళ్ళి చూసి వచ్చారు. వచ్చాక కారు బానెట్టు మీద కాగితం పెట్టి కరువు జాబితాలో ఎర్రదిన్నె పేరు రాశారు. నేను మొహం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తుంటే, "ఊరుకోమ్మా. మీ కేంద్రం పరిశోధననూ ప్రభుత్వాన్నీ ఒకచోట కలుపుతుందని చెబితే ఏమో అనుకున్నాను. ఇలా కాళ్ళు కాల్చి మరీ కలుపుతుందనుకోలేదు" అన్నారు. సారు అప్పుడు తొలిసారి నవ్వారు.

ఆయన ఎవరో ఊరికి అప్పుడు తెలిసింది. ఊరు పేరు జాబితాలో పడిందని, గడ్డి వస్తుందని మస్తానన్న అందరికీ చెప్పాడు. ఓబులమ్మక్క బిందె కింద పెట్టి, కారును, కారు మీది దీపాన్ని, వట్టి కాళ్ళ ఆఫీసరును ఒకసారి చూసి, ఆడవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అరిచింది.

"చూస్తిరామే! ఈ తల్లి మామూలు తల్లి కాదు. నీళ్ళు పోస్తే వాన రాలేదు గానీ, జిల్లా ఆఫీసరు వచ్చినాడు!"

అంతే. గంగమ్మ రాయికి తరతరాలుగా లేని పేరు నా వానడబ్బాకు ఒక్క రోజులో వచ్చేసింది. ఆ వారంలోనే గడ్డి లారీ వచ్చింది. గౌరి సంతకు పోలేదు. నాకు మాత్రం సారు ఒక శిక్ష వేశారు. మిగతా ఊళ్ళ వానడబ్బాలన్నీ చూసి, ఎక్కడ బొట్టు ఉంటే అక్కడ నా చేత్తోనే తుడిచి రమ్మన్నారు. పోతే ఏముంది, నాకంటే ముందు వార్త పోయింది. తనకల్లు వైపు ఒక పల్లెలో అప్పటికే పందిరి వేశారు. బొట్టు తుడవబోతే ఒక పెద్దాయన చేతికర్ర ఎత్తాడు. "రోడ్డు పడేదాకా ముట్టుకోవద్దు పాపా. ఆఫీసరు రావాల మాకు" అన్నాడు. వచ్చిన దారినే తిరిగొచ్చాను.

ఇప్పుడు నేనే ఆ కేంద్రంలో పాఠాలు చెబుతున్నాను. సారు రిటైరై ఊళ్ళోనే ఉన్నారు, కనబడితే చాలు, "మేఘాలు ఎట్లుండాయమ్మా?" అంటారు. మస్తానన్న కొత్త వ్యాను తోలుతున్నాడు. ఎర్రదిన్నె నుంచి తీసేసిన పాత వానడబ్బా నా బల్ల పక్కనే ఉంది. ఎన్నిసార్లు కడిగినా దాని అతుకుల్లో పసుపు పోలేదు. కొత్త పిల్లలు అదేమిటని అడిగితే, ఆ పాత రెండు గదులు, ఆ ఫ్యాను మూలుగు, ఉగ్గాని వాసన, వట్టి కాళ్ళతో పోయి వచ్చిన ఆ పెద్దమనిషి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, చెప్పడం మొదలుపెడితే ఆపలేను.

పోయిన వారం ఓబులమ్మక్క ఫోన్. గొంతు ఏమాత్రం తగ్గలేదు. "పాపా, గౌరి మనవరాలు ఈనింది. పెయ్యదూడ. అది సరే గానీ, మా ఊరి బడికి పైకప్పు కారతాంది. ఎన్ని అర్జీలిచ్చినా ఎవరూ రావడంలా. నువ్వు నాటించిన కొత్త డబ్బాకు నాలుగు బిందెలు పోయమంటావా?"

నేను ఆ పాత డబ్బా మీద చెయ్యి వేసి, ఈ సీమ ఎర్రమట్టి మీద, మా నాయన అంగట్లో పసుపు డబ్బా మీద ఎప్పుడో ఒట్టు పెట్టుకుని ఉన్నాను. బతికుండగా ఇంకే యంత్రానికీ బొట్టు పెట్టను. ఆయుధపూజ నాడు మా కంప్యూటర్లకు కూడా పెట్టను, మస్తానన్న పెడితే కళ్ళు మూసుకుంటాను. ఆ ఒట్టు ఈ రోజుకీ తప్పలేదు, ఇక మీదట కూడా తప్పను.

కానీ ఆ ఒట్టు బొట్టు గురించే కదండీ, బిందెల గురించి నేనేమీ అనలేదు.

"శుక్రవారం పొద్దున పోయండక్కా" అన్నాను. "సోమవారం మాకు సమావేశం ఉండాది."